గిన్నె అడుగున పేరు

కోడి ఉడుకుతున్న నీళ్ళ మీద తేలిన నురగను ఆర్డిస్ గరిటెతో తీసి సింకులో పడేసింది. మళ్ళీ తేలింది, మళ్ళీ తీసింది. ఆ పని ఆమె చేతికి ఎంత అలవాటంటే, కళ్ళు కిటికీ బయట ఉన్నా గరిటె దారి తప్పలేదు. బయట ఆమె భర్త ఎల్డన్ పారతో మంచు తోడుతున్నాడు. నిన్న తోడిన చోటే తోడుతున్నాడు. రాత్రి కొత్తగా మంచు పడింది లేదు. వంటింట్లోకి రాకుండా ఉండడానికి పాపం ఆ మనిషికి ఇంకో పని దొరకలేదు.

పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు ఆర్డిస్ నచ్చజెబుతున్నట్టే చెప్పింది. "ఇవాళ నువ్వు నాతో పాటు వంట చెయ్యాలి. నూడుల్స్ ఒక్కటి నేర్చుకో చాలు. మిగతావన్నీ నేను వండి ఫ్రీజర్లో పెట్టేస్తాను."

ఎల్డన్ టోపీ అందుకున్నాడు. "వాకిట్లో మంచు తియ్యాలి" అన్నాడు.

"మంచెక్కడుంది?"

"ఉంది" అని వెళ్ళిపోయాడు.

నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అలాంటివాడు ఎల్డన్. ఊరి చివర ధాన్యం గోదాము దగ్గర లారీలు తూచే పనిలో జీవితమంతా గడిపాడు. లారీ తూకం మీదకి వచ్చేది, అంకె చెప్పేవాడు, లారీ వెళ్ళిపోయేది. ఇంట్లోనూ అంతే. పెళ్ళైన కొత్తలో ఆర్డిస్ రోజంతా కష్టపడి, పైన పొరలు పొరలుగా విచ్చుకునే పిండి కప్పు వేసి చికెన్ పై చేసి పెడితే, మొత్తం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "తినొచ్చు" అన్నాడు. ఆ రాత్రి ఆర్డిస్ దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆ మాటకు మించిన మెచ్చుకోలు మా వైపు మగవాళ్ళ దగ్గర ఉండదని ఆమెకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆర్డిస్ ఒకప్పుడు పొడుగ్గా, దిట్టంగా ఉండేది. బడి వంటింట్లో పిల్లలకు వండిపెట్టే రోజుల్లో పెద్ద గంగాళం ఒక్కతే దించేది. ఇప్పుడు ఏప్రన్ తాళ్ళు నడుం చుట్టూ రెండు చుట్లు తిరిగి ఇంకా మిగులుతున్నాయి. పెళ్ళి ఉంగరం పిండిలోకి జారిపోతోందని సింకు పైనున్న మేకుకి తగిలించింది. పొయ్యి పక్కన ఎత్తు పీట వేసుకుని, కాసేపు నిలబడి, కాసేపు దాని మీద కూర్చుని వంట చేస్తోంది. కడుపులో పెరిగినదానికి ఇంక మందు లేదని క్రిస్మస్‌కి ముందే డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్నరోజు కార్లో ఇంటికొస్తూ ఎల్డన్ మాట్లాడింది గోధుమ ధర గురించి మాత్రమే. ఆర్డిస్ కూడా సరే అని గోధుమ ధర గురించే మాట్లాడింది.

ఆమెకు చావంటే భయం లేదని కాదు. ఉంది. కానీ దానికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది, అది సింకు దగ్గర ఉంది. శరదృతువులో ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఎల్డన్ రోజూ ఆ సింకు దగ్గరే నిలబడి, డబ్బాలో చేపలు ఫోర్కుతో గుచ్చుకుని, నాలుగు బిస్కెట్లు నమిలి, అదే భోజనం అనిపించాడు. ఆమె ఇంటికొచ్చేసరికి బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకుని ఉన్నాడు. ఆ బెజ్జం చూసిన క్షణం ఆర్డిస్‌కి నాన్న గుర్తొచ్చాడు. అమ్మ పోయాక ఆయన కూడా సరిగ్గా ఇలాగే నిలబడి తిన్నాడు. మొదట కుర్చీ మానేశాడు, తర్వాత పళ్ళెం మానేశాడు, తర్వాత తిండే మానేశాడు. మరుసటి చలికాలం దాటలేదు. డాక్టరు గుండె అని రాశాడు. గుండె కాదని ఆర్డిస్‌కి తెలుసు.

అందుకే ఈ వంటలు. నాలుగు రోజులుగా ఓపిక ఉన్నప్పుడల్లా వండుతోంది. కీమాలో గుడ్డు, రొట్టెపొడి కలిపి కాల్చిన మీట్‌లోఫ్ అయింది. ఎముక నుంచి మాంసం ఊడి వచ్చేదాకా సన్నటి సెగ మీద మగ్గిన గొడ్డు మాంసం అయింది. చీజ్ కరిగించి, పైన రొట్టెపొడి ఎర్రగా వేగేలా కాల్చిన మకరోనీ అయింది. అన్నీ గాజు గిన్నెల్లో సర్ది, పైన ఫాయిల్ కాగితం బిగించింది. డబ్బా తెరిచి పోసినది ఒక్కటీ లేదు. బడిలో కూడా ఆమె అలాగే వండేది. తర్వాత పెద్ద లారీలో గడ్డకట్టిన డబ్బాలు రావడం మొదలైంది, వండే మనిషి అవసరం లేకుండా పోయింది. వీడ్కోలు రోజున ఆర్డిస్‌కి గోడ గడియారం ఇచ్చారు. అది తప్పు సమయం చూపిస్తూ ముందుగదిలో ఇంకా తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నానికి లవోన్ వచ్చింది. వీధికి అటుపక్క ఇల్లు, బళ్ళో ఆర్డిస్ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగిన మనిషి. బూట్లు విప్పకముందే నోరు విప్పింది.

"ఏమే, ఊరంతటికీ పెళ్ళి భోజనాలా ఏంటి? మా ఇంటిదాకా వాసనొస్తోంది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి కుక్కలా ముక్కెగరేస్తున్నాడు."

"వచ్చి ఆ ఉల్లిపాయలు అందుకో. తర్వాత వాగుదువు."

ఆర్డిస్ వెన్నలో పిండి వేయించి, కొంచెం కొంచెంగా పాలు పోస్తూ ఉండ కట్టకుండా తిప్పుతోంది. చికెన్ పైలోకి ఆ తెల్ల గ్రేవీ. గరిటె బరువైనప్పుడల్లా రెండో చేత్తో మణికట్టు పట్టుకుంటోంది. లవోన్ చూసీ చూడనట్టు ఉల్లిపాయ వైపు తిరిగింది.

"ఒక్క డబ్బా పుట్టగొడుగుల సూపు పోస్తే అయిపోయేదానికి ఎందుకే ఈ తిప్పలు? నేను పెళ్ళైనప్పట్నించీ డబ్బాయే పోస్తున్నాను. ఎవరు చచ్చారు?"

"చావలేదు కానీ, తినీ తినీ మీ ఆయన మొహం డబ్బాలాగే తయారైంది."

లవోన్ పగలబడి నవ్వింది. ఆర్డిస్ కూడా నవ్వింది, నవ్వు మధ్యలోనే నొప్పి పట్టుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. లవోన్ కత్తి కింద పెట్టి, గరిటె అందుకుని పాలు తిప్పింది. నొప్పి తగ్గేదాకా ఇద్దరూ ఆ పాలనే చూశారు.

గ్రేవీ చల్లారాక, ఇదివరకే వండి సర్దిన గిన్నెలను నేలమాళిగలో ఫ్రీజర్‌లోకి చేర్చే పని లవోన్ తీసుకుంది. మెట్లు దిగే ఓపిక ఆర్డిస్‌కి లేదు. మొదటి గిన్నెలు రెండూ దించి వచ్చింది. మూడోది ఎత్తుతూ, పట్టు కోసం అడుగున చెయ్యి పెట్టి, ఆగింది. గిన్నె తలకంటే పైకెత్తి అడుగు చూసింది.

"ఆర్డిస్."

"ఊఁ."

"వీటి కింద నీ పేరు ఎందుకు రాశావే?"

మా ఊళ్ళో ఎవరైనా పోతే చర్చి గంట మోగడం ఆలస్యం, ప్రతి ఇంట్లో ఓవెన్ వెలుగుతుంది. సాయంత్రానికల్లా చావింటి బల్ల మీద గిన్నెలు పెట్టడానికి చోటుండదు. ఎవరి గిన్నె ఏదో తెలియాలి కాబట్టి అడుగున తెల్ల టేపు ముక్క అతికించి పేరు రాస్తారు. దుఃఖం కాస్త నిమ్మళించాక ఆ ఇంటివాళ్ళు గిన్నె కడిగి, అడుగు తిప్పి పేరు చూసి, ఎవరిది వాళ్ళకి తెచ్చిస్తారు. ఖాళీగా మాత్రం ఇవ్వరు. నాలుగు టమాటాలో, గుప్పెడు బిస్కెట్లో, ఏదో ఒకటి వేసి ఇస్తారు. ఏ చావింటికైనా మొదట చేరేది ఆర్డిస్ గిన్నే. ఆ ఇంటివాళ్ళు ఏడుపు మొదలెట్టేలోపే వంట తెస్తుందని లవోన్ ఎగతాళి చేసేది.

సొంత ఇంట్లో, సొంత ఫ్రీజర్‌లో పెట్టుకునే గిన్నెకి ఎవరూ టేపు వెయ్యరు. ఎక్కడికి పోతుంది గనక?

ఆర్డిస్ చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. నిన్న సాయంత్రం గిన్నెలన్నీ బోర్లించి వరసగా పెట్టుకున్నట్టు, టేపు చించి అతికించినట్టు ఆమెకు లీలగా గుర్తుంది. రాసినట్టు గుర్తు లేదు. ఇన్నేళ్ళ అలవాటు మీద చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఈ వంట ఎలాంటి ఇంటికి వెళ్తోందో ఆమెకంటే ముందు ఆ చేతికే తెలిసినట్టుంది.

"చూసుకోలేదే" అంది.

లవోన్ మెట్టు మీద కూలబడింది. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. ఇన్ని నెలలూ హాస్యాలాడుతూ నెట్టుకొచ్చిన మనిషి, ఆ టేపు ముక్క దగ్గర ఓడిపోయింది.

"పీకేస్తానే. అన్నిటికీ పీకేస్తాను. అపశకునం."

"ఉండనీ."

"ఏంటి ఉండనీ?"

"చావింటికి వెళ్ళే గిన్నెలేగా. పేరుండాలి మరి" అంది ఆర్డిస్. చెప్పాక పీట వెతుక్కుని కూర్చుంది. "ముందు నువ్వు ఆ మెట్ల మీంచి లే. ఆ గిన్నె పగిలిందంటే నీ పని చెప్తాను."

లవోన్ ముక్కు చీదుకుంది. లేచి రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి అడిగింది. "కడిగి ఎవరికి తెచ్చిస్తాడే ఎల్డన్?"

"అది ఆయన తిప్పలు" అంది ఆర్డిస్.

లవోన్ వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైంది. చికెన్ పై ఓవెన్‌లో పొంగుతోంది. ఇక మిగిలింది నూడుల్స్. మైదాలో గుడ్లు కొట్టి, చిటికెడు ఉప్పేసి కలిపిన ముద్ద తడిగుడ్డ కింద నానుతోంది. దాన్ని పల్చగా ఒత్తి, సన్నగా కోసి, కోడి ఉడికిన నీళ్ళలో వేసి, చిక్కబడ్డాక మెదిపిన బంగాళదుంపల మీద పోసుకోవాలి. పిండి మీద పిండి ఏమిటని పట్నంవాళ్ళు నవ్వుతారు. సున్నా డిగ్రీలకి ఎంతో కింద ఉండే చలిలో పనిచేసి వచ్చినవాడికి అది వడ్డిస్తే, నవ్వడు. ఎల్డన్‌కి ప్రాణం అది. ఆయన తల్లి చేసేది, తర్వాత ఆర్డిస్ చేసింది. ఫ్రీజర్‌లో పెడితే ముద్దైపోతుంది కాబట్టి ఇది దాచిపెట్టి పోయేది కాదు. నేర్చుకుని తీరాల్సిందే.

ఆర్డిస్ బల్ల మీద పిండి చల్లి, ముద్ద పెట్టి, అప్పడాల కర్ర అందుకుంది. ఒకసారి ఒత్తింది. రెండోసారికి భుజంలో శక్తి చాలలేదు. ముద్ద కొంచెం సాగి, మళ్ళీ వెనక్కి ముడుచుకుంది. వీపు వంచి, ఒంటి బరువంతా వేసి ఒత్తింది. ఆ ఒంట్లో ఇప్పుడు బరువెక్కడుంది? కర్ర జారి బల్ల అంచుకు దొర్లింది.

తలుపు తీసిన చప్పుడైంది. ఎల్డన్ లోపలికొచ్చి, చిన్న బల్ల పక్కన నిలబడి బూట్లు విప్పుకుంటున్నాడు. ఆయన మీసాల మీద మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి.

"ఎల్డన్" అంది. "నా వల్ల కావడం లేదు."

కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ మాట ఆయన వినలేదు. ఒక బూటు విప్పి, ఒక బూటుతో అలాగే నిలబడిపోయాడు. తర్వాత రెండోది కూడా విప్పి, సింకు దగ్గరికెళ్ళి, చర్చికి వెళ్ళే ముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. మేకుకున్న ఉంగరాన్ని చూశాడు. కళ్ళు తిప్పుకున్నాడు.

"నేర్చుకోడానికి కాదు" అన్నాడు కర్ర అందుకుంటూ. "నీ చెయ్యి నొప్పిగా ఉందని."

"సరేలే. పిండి చల్లు ముందు. కర్ర మీద కూడా. అంత కాదు. ఎల్డన్, అది లారీ కాదు, మెల్లిగా."

ఆయన ఒత్తాడు. పెద్ద చేతులు, వేళ్ళు వంకర్లు పోయిన చేతులు. పిండి ఒక వైపు పల్చగా, ఒక వైపు మందంగా, ఏ దేశం పటమో చెప్పలేని ఆకారంలో సాగింది. కత్తితో కోసేటప్పుడు మాత్రం తూకం మనిషి బయటపడ్డాడు. వంగి, ఒక కన్ను మూసుకుని, ఒక్కో పోగూ సమానంగా కోశాడు. ఆర్డిస్‌కి నవ్వొచ్చింది, నవ్వితే నొప్పి వస్తుందని ఆపుకుంది.

పోగులు నీళ్ళలో వేసి తిప్పుతూ, ఆమెకు వీపు చూపిస్తూ, ఎల్డన్ ఉన్నట్టుండి అన్నాడు. "ఎందుకు ఆర్డీ ఇదంతా? ఫ్రీజర్ నింపడం, నాకు నేర్పడం. నేను తిననని నీకెవరు చెప్పారు?"

"మా నాన్న" అంది ఆర్డిస్.

ఎల్డన్‌కి మామగారు గుర్తున్నాడు. ఆ సింకు, ఆ డబ్బాలు కూడా గుర్తున్నాయి. ఆ శవపేటిక మోసినవాళ్ళలో ఆయనా ఒకడు. అది ఎంత తేలిగ్గా ఉందో ఆ రోజు పెళ్ళానికి చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

"నిలబడి తినకు, అంతే నేనడిగేది" అంది. "పళ్ళెం పెట్టుకో. కుర్చీలో కూర్చుని తిను. రుచి లేకపోయినా పర్లేదు."

గరిటె తిరుగుతూనే ఉంది. "సరే" అన్నాడు.

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. బంగాళదుంపలు ఎల్డనే మెదిపాడు, ఉండలున్నాయి. నూడుల్స్ మందంగా, నమలడానికి పని పెట్టేలా ఉన్నాయి. ఆయన చెంచా ఎత్తకుండా ఆమె మొహమే చూస్తున్నాడు. ఇన్నేళ్ళు బల్లకి ఇటువైపు కూర్చుని ఆర్డిస్ ఎలా చూసేదో, అచ్చం అలాగే. ఆమె ఒక చెంచా తింది. కష్టపడి ఇంకో చెంచా తింది. మూతి తుడుచుకుంది.

"తినొచ్చు" అంది.

ఎల్డన్ తల దించుకున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం చూసి నవ్వుతున్నాడనుకుంది. కాదు. ఆమె చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది. పళ్ళెంలో నూడుల్స్ మీద మీగడ కట్టేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాత ఆర్డిస్ పొయ్యి ముందు నిలబడలేదు. చూరు అంచున మంచు బొట్లు బొట్లుగా కరుగుతున్న రోజుల్లో ఒక ఉదయం ఎల్డన్ కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి ఆమె వెళ్ళిపోయింది. ఆయన ఆమె పక్కన మంచం మీద కూర్చుని, రెండు కప్పులూ చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

గంట మోగింది. ఓవెన్లు వెలిగాయి. బల్ల నిండిపోయి గిన్నెలు కుర్చీల మీదకెక్కాయి. మొదటి గిన్నె ఎవరు తేవాలో తెలియక ఆడవాళ్ళు కాసేపు వాకిట్లో తచ్చాడారని తర్వాత లవోన్ చెప్పింది. ఆఖరికి తన డబ్బా సూపు గిన్నెతో తనే ముందు నడిచిందట.

ఊరివాళ్ళు తెచ్చిన ఆ వంటలున్నన్నాళ్ళు రోజులు గడిచాయి. అయిపోయాక ఎల్డన్ నేలమాళిగ మెట్లు దిగలేదు. ఫ్రీజర్ మూత తీస్తే ఆమె వండినవి తరుగుతాయి. తరిగితే అయిపోతాయి. అయిపోతే ఇంక ఏముంది? ఒక సాయంత్రం చేపల డబ్బా తెరిచాడు. సింకు దగ్గర నిలబడి ఫోర్కు గుచ్చాడు. ఎదురుగా మేకుకి ఉంగరం వేలాడుతోంది. నోటిదాకా వచ్చిన ఫోర్కుని అలాగే డబ్బాలో పెట్టి, లైటు వేసుకుని మెట్లు దిగాడు.

మీట్‌లోఫ్ వేడి చేసుకున్నాడు. పళ్ళెం పెట్టుకున్నాడు, కుర్చీ లాక్కున్నాడు. ఒక్కడే కూర్చుని ఆ ఇంట్లో తినడం ఎంత కష్టమో ఆ ముద్ద గొంతు దిగనప్పుడు తెలిసింది. అయినా తిన్నాడు. రోజుకి కాస్త చొప్పున తిని గిన్నె ఖాళీ చేశాడు. కడిగి, తుడిచి, మిగతావాళ్ళ గిన్నెలు తిప్పి చూసినట్టే దీన్నీ తిప్పి చూశాడు. తెల్ల టేపు. నిలువుగా, బడిపిల్లలకు అర్థమయ్యేలా రాసే ఆ చేతి రాతలో ఆర్డిస్ పేరు.

ఎల్డన్‌కి అది పొరపాటని తోచలేదు. ఆయన ఆ ఊరివాడు. గిన్నె ఎవరిదో వాళ్ళకి చేరాలి, అంతే తెలుసు. తీసుకెళ్ళి తలుపు పక్కనున్న చిన్న బల్ల మీద, తిరిగి వెళ్ళాల్సిన గిన్నెల పక్కన పెట్టాడు.

లవోన్ వచ్చి పేర్లు చూసుకుంటూ ఒక్కో గిన్నే సంచీలో వేసుకుంది. ఆఖరిది తిప్పి చూసి చాలాసేపు పట్టుకుని నిలబడింది. "ఎల్డన్, ఇది…" అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె దాన్ని ఎక్కణ్ణించి తీసిందో అక్కడే పెట్టి, ఆయన భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఎల్డన్ ఆ గిన్నెను చూస్తూ కూర్చున్నాడు. తిరిగి వెళ్ళాల్సిన గిన్నె అలా ఖాళీగా ఉండడం ఆయనకు సిగ్గుగా అనిపించింది. లేచి మైదా డబ్బా దించాడు. గుడ్లు కొట్టాడు, ఒక పెంకు ముక్క లోపల పడితే వేలితో తీశాడు. కర్ర మీద కూడా పిండి చల్లుకున్నాడు. కోడి నీళ్ళ మీద నురగ తేలినప్పుడల్లా తీశాడు. బంగాళదుంపల్లో ఈసారి కూడా ఉండలు మిగిలాయి. ముందు పళ్ళెంలో వడ్డించుకుని, కుర్చీలో కూర్చుని, ఆఖరి పోగు దాకా తిన్నాడు. మిగిలినదంతా గాజు గిన్నెలోకి ఎత్తి, పైన ఫాయిల్ కాగితం అంచులు చుట్టూ మడిచి, రెండు చేతులా పట్టుకుని తలుపు దాకా నడిచాడు.

కరిగిన మంచు నీళ్ళు వాకిట్లో పారుతున్నాయి. చిన్న బల్ల మీద గిన్నె ఇంకా వెచ్చగా ఉంది, దాని అడుగున తెల్ల టేపు మీద ఆర్డిస్ పేరు, కడిగినప్పుడు తడి తగిలి ఒక అక్షరం కాస్త అలుక్కుపోయింది.